దేని చోటు దానిదే: ఎర్ర రక్తకణం పొరలో గ్లైకోప్రోటీన్ల అమరిక

రక్తం గ్రూపు పరీక్ష చాలామంది దగ్గరుండి చూసే ఉంటారు. వేలి కొసన సూదితో గుచ్చి, గాజుపలక మీద మూడు చుక్కల రక్తం పెట్టి, ఒక్కో చుక్కలో ఒక్కో మందు కలుపుతారు. నీలం రంగుది యాంటీ-ఏ, పసుపు రంగుది యాంటీ-బి, రంగు లేనిది యాంటీ-డి. కాసేపట్లోనే ఏ చుక్క గడ్డలు గడ్డలుగా విరిగిందో చూసి గ్రూపు చెప్పేస్తారు. ఆ మందుల్లో ఉండేవి యాంటీబాడీలు. మొదటి రెండు మందుల్లోని యాంటీబాడీలు పట్టుకునేది కణం పొర నుంచి బయటికి పొడుచుకొచ్చిన చక్కెర గొలుసుల కొసల్ని. ఏ గ్రూపుకీ బి గ్రూపుకీ మధ్య ఉన్న తేడా అంతా ఆ కొసన కూర్చున్న ఒకే ఒక్క చక్కెర అణువులో ఉంది. మూడో మందు సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఈ చక్కెర గొలుసుల్లో ఎక్కువ భాగం పొరలోని ప్రోటీన్లకు అంటుకుని ఉంటాయి. అలా చక్కెర గొలుసులు మోసే ప్రోటీన్లే గ్లైకోప్రోటీన్లు. ఇంటర్మీడియట్ జీవశాస్త్రం చదివినవారికి ఇవి ఒక బొమ్మ ద్వారా పరిచయం: రెండు వరుసల కొవ్వు అణువుల సముద్రం, అందులో మంచుకొండల్లా తేలుతున్న ప్రోటీన్లు, కొన్నిటి నెత్తిన చిన్న చిన్న చెట్ల కొమ్మల్లా చక్కెరలు. ఈ బొమ్మ తప్పు కాదు. కానీ దాన్ని చూసిన విద్యార్థికి గ్లైకోప్రోటీన్లు ఎక్కడ పడితే అక్కడ, ఎలా పడితే అలా తేలుతుంటాయనే అభిప్రాయం మిగిలిపోతుంది. అసలు సంగతి అది కాదు. ఏ ప్రోటీన్ ఏ వైపు తిరిగి ఉండాలి, పొరలోంచి ఎన్నిసార్లు దూరాలి, ఎంత ఎత్తు లేవాలి, దేని పక్కన ఉండాలి అన్నవన్నీ ముందే నిర్ణయమైపోయిన విషయాలు. వీటిలో ఒక్కటి తప్పినా రక్తహీనత రావచ్చు, కామెర్లు రావచ్చు, ఎక్కించిన రక్తం వికటించవచ్చు.

దీన్ని వివరించడానికి ఎర్ర రక్తకణం కంటే మంచి ఉదాహరణ లేదు. మనిషి ఎర్ర రక్తకణంలో కేంద్రకం లేదు, లోపల వేరే పొరలూ లేవు. ఉన్నదల్లా ఒక్క పైపొర. కణాన్ని పలుచని ఉప్పునీటిలో పగలగొట్టి హిమోగ్లోబిన్‌ను కడిగేస్తే శుద్ధమైన పైపొర ఒక్కటే మిగులుతుంది. ఇంకే కణంతోనూ పని ఇంత తేలిక కాదు. కణత్వచం గురించి సైన్సు తెలుసుకున్న మౌలిక విషయాల్లో చాలా భాగం ఈ కణం దగ్గరే మొదలవడానికి కారణం ఇదే.

పొరకు అడ్డంగా

1925లో నెదర్లాండ్స్‌కు చెందిన గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల్లోని కొవ్వునంతా తీసి, నీటి మీద ఒక్క అణువు మందాన పరిచి కొలిచారు. అది కణాల ఉపరితలానికి దాదాపు రెట్టింపు వచ్చింది. అంటే పొరలో కొవ్వు అణువులు రెండు వరుసల్లో ఉన్నాయన్నమాట. నిజానికి వాళ్ల ప్రయోగంలో రెండు లోపాలున్నాయి. కొవ్వు పూర్తిగా బయటికి రాలేదు, కణాల వైశాల్యాన్ని కూడా తక్కువగా లెక్కేశారు. ఒక లోపాన్ని రెండోది సరిచేయడంతో జవాబు సరిగ్గా వచ్చింది. అయితే వాళ్ల లెక్కలో ప్రోటీన్ల ఊసే లేదు. ఎర్ర రక్తకణం పొర బరువులో సగం పైన, అంటే సుమారు 52 శాతం, ప్రోటీన్లే. కొవ్వులు 40 శాతం, చక్కెరలు 8 శాతం.

ఆ ప్రోటీన్లు ఎక్కడున్నాయి? 1935లో డేనియెల్లి, డావ్సన్ ఇచ్చిన నమూనా ప్రకారం అవి కొవ్వు పొరకు రెండు వైపులా పూతలా పరుచుకుని ఉంటాయి. ఈ ఊహ సుమారు మూడు దశాబ్దాలు నిలబడింది. తర్వాత పొరను గడ్డకట్టించి, రెండు వరుసల మధ్యకి చీల్చి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసే పద్ధతి వచ్చింది. చీలిక ఆ రెండు వరుసల మధ్యనే జరుగుతుందని 1966లో డేనియల్ బ్రాంటన్ చెప్పాడు. చీలిన ముఖం మీద నున్నటి కొవ్వు ఒక్కటే కనబడలేదు. గుళికల్లాంటివి వేలకొద్దీ కనబడ్డాయి. ప్రోటీన్లు పూతలా కాకుండా పొర లోపలికి దిగి ఉన్నాయనడానికి అది కంటికి కనబడే సాక్ష్యం.

లోపలికి దిగితే సరే, అవతలికి కూడా వచ్చాయా? ఈ ప్రశ్నకు 1971లో కేంబ్రిడ్జిలో మార్క్ బ్రెట్షర్ చేసిన ప్రయోగం చాలా అందమైనది. ప్రోటీన్లకు అంటుకునే, కానీ పొరను దాటలేని ఒక రేడియోధార్మిక రసాయనాన్ని తీసుకున్నాడు. పగలని కణాల మీద వేస్తే అది ప్రోటీన్ల బయటి భాగాలకు మాత్రమే అంటుతుంది. పగిలిన కణాల మీద వేస్తే లోపలి నుంచి కూడా అంటుతుంది. రెండో సందర్భంలో అవే ప్రోటీన్ల మీద కొత్త చోట్లకు రసాయనం అంటింది. ఒకే ప్రోటీన్‌కు బయట ఒక కొస, లోపల ఒక కొస ఉన్నాయని అలా తేలింది. కణం పొరలో అత్యధిక సంఖ్యలో ఉండే రెండు ప్రోటీన్లు ఈ తరహావే. ఒకటి గ్లైకోఫోరిన్ ఏ, రెండోది బ్యాండ్ 3. విద్యుత్ క్షేత్రంలో ప్రోటీన్లను వేరు చేసినప్పుడు మూడో పట్టీగా కనబడుతుంది కాబట్టి రెండోదానికి ఆ పేరు స్థిరపడిపోయింది.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గ్లైకోప్రోటీన్లు పొరలో అమరే తీరులో ఎంత వైవిధ్యం ఉందో అర్థమవుతుంది.

గ్లైకోఫోరిన్ ఏ చిన్నది. 131 అమైనో ఆమ్లాలు. 1975లో టొమిటా, మార్చెసి దీని పూర్తి వరుసను ప్రకటించారు. పొరను అడ్డంగా దాటే ప్రోటీన్లలో పూర్తి వరుస తెలిసిన మొదటిది ఇదే. దీనిలో సుమారు 70 అమైనో ఆమ్లాలు కణం బయట, 20కి కొంచెం పైన పొర మధ్యలో, మిగిలిన 36 దాకా కణం లోపల ఉంటాయి. మధ్య భాగంలోవన్నీ దాదాపు నీటిని వదిలి కొవ్వును కోరుకునే అమైనో ఆమ్లాలు. అవి స్ప్రింగులా మెలి తిరిగి నిలబడితే ఒక్కోటి 0.15 నానోమీటర్ల ఎత్తు ఇస్తుంది. 20 పేరిస్తే 3 నానోమీటర్లు. పొర మధ్యలోని జిడ్డు భాగం మందం కూడా సరిగ్గా అంతే. ఈ లెక్క ఇంత చక్కగా కుదరడం వల్లనే, ఇప్పుడు ఏ కొత్త ప్రోటీన్ వరుస దొరికినా అందులో 20 దాకా నీటిని వదిలే అమైనో ఆమ్లాలు వరుసగా కనబడితే అది పొరను దాటే భాగం అయ్యుంటుందని కంప్యూటరే చెప్పేయగలుగుతోంది. పొర దాటి లోపల అడుగుపెట్టిన చోట ధనావేశం ఉన్న ఆర్జినీన్, లైసీన్ అనే అమైనో ఆమ్లాలు గుంపుగా ఉంటాయి. లోపలి కొసన ధనావేశం ఎక్కువగా ఉండటం ఇలాంటి ప్రోటీన్లలో సాధారణంగా కనిపించే లక్షణమని 1986లో గున్నార్ ఫాన్ హైనె గుర్తించాడు.

ఇక బయటి భాగం దాదాపు పూర్తిగా చక్కెరమయం. ఆ కొద్దిపాటి అమైనో ఆమ్లాల మీదే 16 చక్కెర గొలుసులు ఉండగలవు. 15 గొలుసులు సెరీన్, త్రియోనీన్ అనే అమైనో ఆమ్లాలకు, ఒకటి ఆస్పరజీన్‌కు అంటి ఉంటాయి. ప్రోటీన్ బరువులో దాదాపు 60 శాతం ఈ చక్కెరలే. గొలుసుల కొసల్లో ఉండే సయాలిక్ ఆమ్లానికి రుణావేశం ఉంది. పక్కపక్కనే ఇన్ని రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల ప్రోటీన్ ముడుచుకోకుండా నిటారుగా బయటికి చాచుకుని ఉంటుంది.

బ్యాండ్ 3 దీనికి పూర్తిగా భిన్నం. 911 అమైనో ఆమ్లాల పెద్ద ప్రోటీన్, పొరలోంచి ఇటూ అటూ 14 సార్లు దూరుతుంది. రెండు కొసలూ కణం లోపలే ఉంటాయి. బయటికి కనబడేది మలుపుల దగ్గరి చిన్న చిన్న ఉచ్చులు మాత్రమే. ఆ ఉచ్చుల్లో ఒకదాని మీద, 642వ స్థానంలోని ఆస్పరజీన్‌కు, ఒకే ఒక్క చక్కెర గొలుసు ఉంటుంది. కానీ ఆ ఒక్క గొలుసూ పొడవైనది, కొమ్మలు వేసినది. ఏ, బి, ఓ గ్రూపుల చక్కెరల్లో పెద్ద వాటా ఈ గొలుసు కొమ్మల చివర్లలోనే ఉంది. బ్యాండ్ 3 అసలు పని క్లోరైడ్, బైకార్బొనేట్ అయాన్లను మార్పిడి చేయడం. కండరాల దగ్గర పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులకు చేరేది ఎక్కువగా ఈ మార్పిడి పుణ్యానే. ఒక కణం మీద ఇవి 10 లక్షలకు పైగా ఉంటాయి.

పొరను అసలు దాటని మూడో రకం కూడా ఉంది. ఈ గ్లైకోప్రోటీన్లు బయటే ఉండి, చివరన ఒక కొవ్వు కొక్కెం ద్వారా పొర పై వరుసకు తగిలించుకుని ఉంటాయి. సీడీ55, సీడీ59 అనేవి ఇలాంటివి. సూక్ష్మజీవుల మీద దాడి చేయడానికి రక్తంలో తిరిగే కాంప్లిమెంట్ ప్రోటీన్లు మన సొంత కణాలకే రంధ్రాలు పెట్టకుండా ఇవి కాపలా కాస్తాయి. మూలుగలోని ఒక మూలకణంలో పిగ్-ఏ అనే జన్యువు చెడిపోతే ఆ కొక్కెం తయారు కాదు. కొక్కెం లేక ఈ రెండు ప్రోటీన్లూ కణం మీద నిలవవు. అలాంటి మూలకణం నుంచి పుట్టిన ఎర్ర కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతుంటాయి. పొద్దున్నే మూత్రం ముదురు రంగులో రావడం ఈ జబ్బుకు ఎప్పటినుంచో చెప్పే గుర్తు. ఇక్కడ ప్రోటీన్లలో లోపం ఏమీ లేదు. పొరకు తగిలించే ఏర్పాటు తెగిపోయింది, అంతే.

చక్కెరలన్నీ బయటే ఎందుకు?

లక్షల గ్లైకోప్రోటీన్లు ఉన్నా పొర లోపలి వైపుకు ఒక్క చక్కెర గొలుసు కూడా తిరిగి ఉండదు. ఇంత కచ్చితత్వం ఎలా సాధ్యం? జవాబు అవి తయారయ్యే చోట ఉంది.

ఎర్ర రక్తకణం మూలుగలో పుడుతున్న దశలో దానికి కేంద్రకం, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు, వాటిని తీర్చిదిద్దే పొరల గదులైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, గాల్జీ అన్నీ ఉంటాయి. గ్లైకోఫోరిన్ ఏ తయారీ మొదలవగానే ముందుగా 19 అమైనో ఆమ్లాల తోక ఒకటి బయటికి వస్తుంది. ఈ ప్రోటీన్‌ను రెటిక్యులం పొర దగ్గరికి తీసుకెళ్లమని చెప్పే చిరునామా అది. ప్రోటీన్లకు ఇలాంటి చిరునామాలు ఉంటాయని చూపించినందుకే గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. చిరునామా పని అయిపోగానే ఆ తోక తెగిపోతుంది. ప్రోటీన్ ముందు భాగం రెటిక్యులం లోపలి గదిలోకి దిగుతుంది. నీటిని వదిలే 20 అమైనో ఆమ్లాల భాగం రాగానే ప్రయాణం ఆగిపోయి, ఆ భాగం పొరలో ఇరుక్కుంటుంది. వెనక భాగం బయట, అంటే కణద్రవం వైపు ఉండిపోతుంది.

చక్కెరలు అంటించే ఎంజైముల పని జరిగేది రెటిక్యులం, గాల్జీల లోపలి గదుల్లోనే. ఆస్పరజీన్ మీద ఎక్కే గొలుసు ముందే 14 చక్కెరలతో ఒక కొవ్వు వాహకం మీద తయారై ఉంటుంది. ప్రోటీన్ లోపలికి దిగుతుండగానే దాన్ని మొత్తంగా ఎత్తి అంటిస్తారు. అది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు. ఆస్పరజీన్ తర్వాత ప్రోలీన్ కాకుండా ఏదో ఒక అమైనో ఆమ్లం, దాని తర్వాత సెరీన్ లేదా త్రియోనీన్ ఉండాలి. సెరీన్, త్రియోనీన్ల మీది గొలుసులు గాల్జీలో ఒక్కో చక్కెర చొప్పున పెరుగుతాయి. రక్తం గ్రూపు చక్కెరలు పెట్టేది కూడా అక్కడే.

తర్వాత గాల్జీ నుంచి చిన్న బుడగలు బయల్దేరి కణం పైపొరతో కలిసిపోతాయి. బుడగ లోపలి ముఖం కణానికి బయటి ముఖంగా తెరుచుకుంటుంది. కాబట్టి గది లోపల అంటిన చక్కెర ఏదైనా చివరికి తేలేది కణం బయటే. ఒకసారి ఇలా కుదురుకున్నాక ప్రోటీన్ పల్టీ కొట్టి దిశ మార్చుకోలేదు. నీటిని పట్టుకుని ఉండే అంత చక్కెర గుత్తి పొర మధ్యలోని జిడ్డు గుండా దాటాలంటే అయ్యే శక్తి ఖర్చు భరించరానిది.

ఎర్ర రక్తకణం విషయంలో దీనికి ఇంకో తిరుగులేని కోణం ఉంది. పూర్తిగా ఎదిగిన కణంలో కేంద్రకం పోతుంది, రైబోజోములూ పోతాయి. కొత్త ప్రోటీన్ ఒక్కటీ తయారు కాదు. మూలుగ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎంత ఉంటే అంత. దాంతోనే సుమారు 120 రోజులు బతకాలి. తన వ్యాసంకన్నా సన్నటి కేశనాళికల్లోంచి, ప్లీహంలో ఒక మైక్రోమీటరుకు మించని సందుల్లోంచి నలిగి నలిగి దూరాలి. ఆ అమరికను రోజూ ఇంత ఒత్తిడిలో నిలబెట్టేది ఏమిటన్నదే తర్వాతి ప్రశ్న.

తేలడం, కట్టుబడి ఉండటం

1970లో ఫ్రై, ఎడిడిన్ ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ ఒకటిగా కలిపి, రెండిటి ప్రోటీన్లకూ వేర్వేరు రంగుల్లో మెరిసే యాంటీబాడీలు అంటించారు. మొదట సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. 37 డిగ్రీల దగ్గర 40 నిమిషాల్లో రెండు రంగులూ దాదాపు కలిసిపోయాయి. చల్లగా ఉంచితే కలవలేదు. అంటే పొర ద్రవంలా ఉంటుంది, అందులో ప్రోటీన్లు పక్కకు జరుగుతాయి. రెండేళ్ల తర్వాత, 1972లో సింగర్, నికల్సన్ ప్రకటించిన ద్రవ మొజాయిక్ నమూనాకు ఇది బలమైన ఆధారమైంది.

అయితే ఇదే ప్రశ్న ఎర్ర రక్తకణాన్ని అడిగితే జవాబు అంత సూటిగా రాదు. ఇక్కడ పొర అడుగున స్పెక్ట్రిన్ అనే పొడవాటి ప్రోటీన్‌తో అల్లిన వల ఒకటి ఉంది. సాగదీస్తే సుమారు 200 నానోమీటర్ల పొడవుండే స్పెక్ట్రిన్ పోగులు, చిన్న ఆక్టిన్ ముక్కల దగ్గర ముడిపడి, కణం లోపలి వైపంతా పరుచుకుని ఉంటాయి. ఈ వలను పొరకు కట్టే ముళ్లు గ్లైకోప్రోటీన్లే. బ్యాండ్ 3 లోపలి భాగం అంకిరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, అంకిరిన్ స్పెక్ట్రిన్‌ను పట్టుకుంటుంది. ఆక్టిన్ ముడుల దగ్గర ప్రోటీన్ 4.1 ద్వారా గ్లైకోఫోరిన్ సి అదే పని చేస్తుంది. బయటికి చక్కెర గొలుసు చాచిన ప్రోటీనే లోపల అస్థిపంజరానికి కట్టుకొయ్యగా కూడా పనికొస్తోందన్నమాట.

కట్టుబడి ఉన్న ప్రోటీన్ దూరం పోలేదు. కట్టని ప్రోటీన్ కూడా వల గళ్ల మధ్య అడ్డంకులు దాటుకుంటూ నెమ్మదిగానే జరుగుతుంది. స్పెక్ట్రిన్ లోపించిన ఎలుకల రక్తకణాల్లో పొర ప్రోటీన్లు మామూలు కంటే పదుల రెట్లు వేగంగా జరుగుతాయని 1980లో షీట్జ్ బృందం కొలిచి చూపింది. కొవ్వు ద్రవమే, కానీ ఆ ద్రవంలో ఎవరు ఎంత దూరం పోవచ్చో నిర్ణయించేది కింద ఉన్న వల. పాఠ్యపుస్తకాల బొమ్మలో ఆ వలను కూడా గీస్తే విద్యార్థులకు చాలా మేలు జరుగుతుంది.

ఎంత ఇరుకుగా ఉంటాయో చూడటానికి చిన్న లెక్క. ఒక ఎర్ర రక్తకణం ఉపరితలం సుమారు 140 చదరపు మైక్రోమీటర్లు. గ్లైకోఫోరిన్ ఏ ఒక్కటే 10 లక్షల దాకా ఉందనుకుంటే, ఒక్కోదాని వాటాకు వచ్చేది 140 చదరపు నానోమీటర్లు. అంటే ఒకదానికీ పక్కదానికీ మధ్య సగటున 12 నానోమీటర్లే. బ్యాండ్ 3 కూడా అదే సంఖ్యలో ఉంది కాబట్టి అసలు ఎడం ఇంకా తక్కువ. ఖాళీ సముద్రంలో ఒంటరిగా తేలే మంచుకొండల చిత్రానికీ ఈ లెక్కకూ చాలా దూరం.

అయినా ఇవి సమానమైన ఎడంలో పరుచుకుని లేవు, గుంపులుగా ఉన్నాయి. 2022లో కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో ఒక గుంపును నేరుగా చూశారు. అంకిరిన్ చుట్టూ బ్యాండ్ 3, గ్లైకోఫోరిన్లు ఏ, బి, ఆర్‌హెచ్ ప్రోటీన్లు, ప్రోటీన్ 4.2, నీటిని దాటించే ఆక్వాపోరిన్ 1 అన్నీ ఒక్క నిర్మాణంగా కూడి ఉన్నాయి.

బ్యాండ్ 3, గ్లైకోఫోరిన్ ఏ పక్కపక్కనే ఉంటాయన్న సంగతి మాత్రం బ్లడ్ బ్యాంకులకు అంతకంటే ముందే తెలుసు. రైట్-బి అనే రక్తం గ్రూపు యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే గుర్తు) ఒకటుంది. దానికి కావలసిన అమైనో ఆమ్లం బ్యాండ్ 3లో ఉంది. కానీ గ్లైకోఫోరిన్ ఏ లేనివారిలో, బ్యాండ్ 3 మామూలుగా ఉన్నా ఆ యాంటిజెన్ కనబడదు. రెండు ప్రోటీన్లూ ఆనుకుని ఉన్నప్పుడే యాంటీబాడీ పట్టుకోగల ఆకారం ఏర్పడుతుంది. ఒక చుక్క రక్తంతో పొరలో ఎవరి పక్కన ఎవరున్నారో చెప్పేయగలగడం సామాన్యమైన విషయం కాదు.

పుట్టుకతో అసలు గ్లైకోఫోరిన్ ఏ లేని అలాంటి మనుషులు చాలా అరుదు. వారు ఆరోగ్యంగానే ఉంటారు. వారి కణాల్లో బ్యాండ్ 3 మీది చక్కెర గొలుసు మామూలు కంటే పొడవు పెరుగుతుంది. కట్టుకొయ్యల విషయంలో మాత్రం ఇలాంటి సర్దుబాటు ఉండదు. అంకిరిన్, బ్యాండ్ 3, స్పెక్ట్రిన్లలో ఏది తగ్గినా ఆ చోట పొర వల నుంచి వదులై బుడగలుగా ఊడిపోతుంది. పొర తగ్గేకొద్దీ కణం పళ్లెం ఆకారం పోయి బంతిలా మారుతుంది. బంతి ఆకారపు కణం ప్లీహం సందుల్లోంచి దూరలేక అక్కడే చిక్కుకుని నాశనమవుతుంది. వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బు పేరు స్ఫీరోసైటోసిస్. రక్తహీనత, కామెర్లు, చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు దీని లక్షణాలు. తీవ్రంగా ఉన్నవారికి ప్లీహం తీసేస్తే పరిస్థితి మెరుగుపడుతుంది. పొరలో లోపం అలాగే ఉంటుంది, కణాలను ఆపే జల్లెడ మాత్రం పోతుంది.

చక్కెర కోట, దాన్ని చదవడానికి ఉలవలు, వేరుశనగలు, బొప్పాయి

కణం చుట్టూ ఉన్న చక్కెర తెరలో అన్నిటికంటే ముఖ్యమైనది సయాలిక్ ఆమ్లం. ఒక్కో ఎర్ర రక్తకణం మీద ఇవి కోట్ల సంఖ్యలో ఉంటాయి, ఎక్కువ భాగం గ్లైకోఫోరిన్ ఏ మీదే. ఇన్ని రుణావేశాల వల్ల కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, రక్తంలో విడివిడిగా ప్రవహిస్తాయి. డాక్టర్లు తరచుగా రాసే ఈఎస్‌ఆర్ పరీక్ష ఆధారపడింది కొంతవరకు దీని మీదే. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తంలో ఫైబ్రినోజెన్ లాంటి ప్రోటీన్లు పెరిగి ఆ వికర్షణను అధిగమించి కణాలను దొంతరలుగా చేరుస్తాయి. దొంతరలు గొట్టంలో త్వరగా కిందికి దిగుతాయి, ఈఎస్‌ఆర్ పెరుగుతుంది.

ఇప్పుడు యాంటీ-డి సంగతి. ఈ మందు పట్టుకునేది, రక్తం గ్రూపు పాజిటివా నెగెటివా అని తేల్చే ఆర్‌హెచ్-డి ప్రోటీన్‌ను. దానికి చక్కెర గొలుసు లేదు. అది పొరలో 12 సార్లు దూరి, కొద్దిపాటి ఉచ్చులు మాత్రమే బయట పెడుతుంది. సంఖ్య కూడా తక్కువ, కణానికి వేలల్లోనే. గర్భిణుల్లో సమస్య తెచ్చే ఐజీజీ రకం యాంటీ-డి చిన్న యాంటీబాడీ. కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దూరదూరంగా ఉన్నప్పుడు, పొరకు దగ్గరగా ఉన్న రెండు డి ప్రోటీన్ల మధ్య అది వంతెన వేయలేదు. అందుకే అది కణాలకు అంటుకున్నా గడ్డలు కనబడవు. దాన్ని పట్టుకోవడానికి 1945లో కూంబ్స్, మోరెంట్, రేస్ మరో యాంటీబాడీని వాడే పరీక్షను తేవలసి వచ్చింది. గ్రూపు చూసే మందులో ఇప్పుడు ఎక్కువగా పెద్ద సైజు ఐజీఎం యాంటీబాడీ ఉంటుంది కాబట్టి గాజుపలక మీదే ఫలితం తెలుస్తుంది. ఏ, బి చక్కెరలు లక్షల్లో ఉండి బయటికి చాచుకుని ఉండటం వల్ల వాటికి ఈ ఇబ్బంది లేదు.

అదే కణాలను బొప్పాయి పాల నుంచి తీసే పాపైన్ అనే ఎంజైముతో కడిగితే గ్లైకోఫోరిన్ బయటి భాగం తెగిపోతుంది, దాంతోపాటు సయాలిక్ ఆమ్లమూ పోతుంది. కణాలు దగ్గరవుతాయి. అప్పుడు ఐజీజీ యాంటీ-డి కూడా నేరుగా గడ్డ కట్టించగలుగుతుంది. చక్కెరల వల్ల కణాల మధ్య ఎంత ఎడం ఉండేదో ఇంతకంటే స్పష్టంగా చూపించే ప్రయోగం కష్టం.

గింజల్లో ఉండే లెక్టిన్ అనే ప్రోటీన్లు మరీ ఆసక్తికరం. ఇవి ప్రత్యేకమైన చక్కెర కొసలనే ఎంచుకుని పట్టుకుంటాయి. మనం చారు కాచుకునే ఉలవల్లోని లెక్టిన్ ‘ఏ’ గ్రూపు చక్కెరను పట్టుకుంటుందని 1951లో జి.డబ్ల్యు.జి. బర్డ్ మన దేశపు పత్రిక కరెంట్ సైన్స్‌లో ప్రకటించాడు. ఏ గ్రూపులో ఏ1, ఏ2 అని రెండు ముఖ్య రకాలున్నాయి. ఏ1 కణం మీద ‘ఏ’ యాంటిజెన్లు సుమారు 8 నుంచి 11 లక్షలు, ఏ2 మీద దాదాపు రెండున్నర లక్షలు. ఉలవల రసాన్ని తగినంత పలుచన చేస్తే ఏ1 కణాలను మాత్రమే గడ్డ కట్టిస్తుంది. ఏ1నూ ఏ2నూ వేరు చేయడానికి బ్లడ్ బ్యాంకులు దీన్ని ఇప్పటికీ వాడుతున్నాయి. ఉడికించిన ఉలవలతో భయమేమీ లేదు, వేడికి లెక్టిన్ పనిచేయకుండా పోతుంది.

వేరుశనగలోని లెక్టిన్ ఇంకో రహస్యాన్ని పట్టిస్తుంది. సయాలిక్ ఆమ్లం కింద దాగి ఉండే టి అనే చక్కెర జంటను అది గుర్తిస్తుంది. మామూలు కణం మీద ఆ జంట కనబడదు. న్యూమోకాకస్ లాంటి బ్యాక్టీరియా విడుదల చేసే ఎంజైము సయాలిక్ ఆమ్లాన్ని కత్తిరించేస్తే టి బయటపడుతుంది. పెద్దవారందరి ప్లాస్మాలోనూ టికి వ్యతిరేకంగా యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి. అందుకని తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్న పసిపిల్లల రక్తం ఎవరి ప్లాస్మాతో కలిపినా గడ్డ కట్టడం అప్పుడప్పుడూ కనబడుతుంది. వేరుశనగ లెక్టిన్‌తో పరీక్షిస్తే కారణం దొరికిపోతుంది.

చక్కెర గొలుసులో ఒక్క మెట్టు లేకపోతే ఏమవుతుందో 1952లో ముంబైలో వై.ఎం. భెండే బృందం గుర్తించిన బాంబే గ్రూపు చెబుతుంది. ఏ, బి చక్కెరలు ఎక్కాలంటే ముందు గొలుసు కొసన ఫ్యూకోజ్ అనే చక్కెర ఉండాలి. అలా ఫ్యూకోజ్ ఎక్కిన కొసనే హెచ్ అంటారు. దానికి ఎన్-అసిటైల్ గాలక్టోజమీన్ చేరితే ఏ, గాలక్టోజ్ చేరితే బి, ఏదీ చేరకపోతే ఓ. ఫ్యూకోజ్‌ను అంటించే జన్యువు రెండు ప్రతుల్లోనూ చెడిపోయినవారికి హెచ్ కూడా ఉండదు. మామూలు పరీక్షలో వారిది ఓ గ్రూపులానే కనబడుతుంది. కానీ వారి ప్లాస్మాలో హెచ్‌కు వ్యతిరేకంగా బలమైన యాంటీబాడీలు ఉంటాయి. ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. కణాలతో పాటు ప్లాస్మాను కూడా తెలిసిన ఓ గ్రూపు కణాలతో కలిపి చూసే రివర్స్ గ్రూపింగ్ చేస్తేనే ఇది బయటపడుతుంది. రెండు ప్రతులూ చెడాలి కాబట్టి, మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో దీని అవకాశం పెరుగుతుంది. మన వైపు బ్లడ్ బ్యాంకులు రివర్స్ గ్రూపింగ్‌ను ఎన్నడూ వదిలేయకూడదని గట్టిగా చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

సూక్ష్మజీవులు కూడా ఈ తెరను చదవడం నేర్చుకున్నాయి. ఫ్లూ వైరస్ సయాలిక్ ఆమ్లాన్ని పట్టుకుంటుంది. ఫాల్సిపారమ్ మలేరియా పరాన్నజీవి గ్లైకోఫోరిన్ ఏ, సి లను పట్టుకునేందుకు ప్రత్యేక ప్రోటీన్లు తయారుచేసుకుంది. వైవాక్స్ మలేరియాకు సాధారణంగా డఫీ అనే గ్లైకోప్రోటీన్ కావాలి, పశ్చిమ ఆఫ్రికాలో అది ఎర్ర కణాల మీద లేనివారే అత్యధికులు. ఇన్నిటిలో లోతైన పాఠం నేర్పింది కెన్యా తీరంలో కనబడే దాంతు అనే రక్తం గ్రూపు రకం. ఇందులో గ్లైకోఫోరిన్ బి, ఏ జన్యువులు అతుక్కుని ఒక సంకర ప్రోటీన్ వస్తుంది. ఈ రకం ఉన్నవారికి తీవ్ర మలేరియా నుంచి చెప్పుకోదగ్గ రక్షణ ఉంది. పరాన్నజీవి పట్టుకునే కొక్కెం పోయినందువల్లే రక్షణ అని ముందు అనుకోవడం సహజం. కానీ 2020లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది వేరు. పొరలోని ఇతర ప్రోటీన్ల పరిమాణాలు కూడా మారి, పొర బిగువు పెరుగుతుంది. బిగువు ఒక స్థాయి దాటిన కణంలోకి పరాన్నజీవి దూరడం చాలా తక్కువ.

120 రోజుల చివర

అమరిక శాశ్వతం కాదు. కణం ముసలిదవుతున్నకొద్దీ లోపల చెడిపోయిన హిమోగ్లోబిన్ బ్యాండ్ 3 లోపలి భాగానికి అంటుకుంటుంది. దాంతో బ్యాండ్ 3లు వలతో పట్టు వదిలి గుంపులు కడతాయి. విడివిడిగా ఉన్న బ్యాండ్ 3ని పట్టించుకోని సహజ యాంటీబాడీలు ఈ గుంపుల్ని గుర్తిస్తాయి. ఆ గుర్తు చూసి ప్లీహం, కాలేయాల్లోని మాక్రోఫేజ్‌లు ముసలి కణాన్ని మింగేస్తాయి. ప్రోటీన్ అదే, చక్కెర అదే. గుంపు కట్టిందా లేదా అన్నదే కణం ఉండాలా పోవాలా అని తేల్చే గుర్తుల్లో ముఖ్యమైనది.

బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో కూడా ఇదే జరుగుతుంది, కొంచెం వేరే దారిలో. మన దేశంలో సీపీడీఏ ద్రావణంలో ఉంచిన రక్తానికి 35 రోజులు, శాగ్‌ఎం అనే మరో ద్రావణం కలిపిన ఎర్ర కణాలకు 42 రోజులు గడువు. నిల్వ పెరిగేకొద్దీ కణాల నుంచి చిన్న చిన్న బుడగలు రాలిపోతుంటాయి. వలకు కట్టి లేని, కొవ్వు కొక్కెంతో మాత్రమే తగిలించి ఉన్న సీడీ55, సీడీ59 లాంటివి ఆ బుడగల్లో ఎక్కువగా వెళ్లిపోతాయి. స్పెక్ట్రిన్ మాత్రం దాదాపు అంతా కణంలోనే మిగిలిపోతుంది. పొర తగ్గిన ఆ కణాల్లో కొన్నిటిని, ఎక్కించిన 24 గంటల్లోపే గ్రహీత శరీరం ఏరేస్తుంది. నిల్వ ద్రావణాలను మెరుగుపరిచే పరిశోధనలో కొంత భాగం ఇప్పుడు ఈ బుడగలు రాలడాన్ని ఎలా తగ్గించాలన్న దాని మీదే సాగుతోంది.